సిరిల్ గుమ్మడికాయ బంకు దాటిన వైనం

ఐరోపా కూటమిలో ఉందామా, వెళ్లిపోదామా అని రాజ్యమెల్ల ఓటేసి రెండుగా చీలిన ఐదేండ్లకు, పరదేశపు లారీ డ్రైవర్లు స్వగృహోన్ముఖులై తరలిపోగా పెట్రోలు అమృతతుల్యమైన ఒకానొక శరత్కాల శనివారమున, చినుకులకు తడిసి ముద్దైన మా లింకన్‌షైర్ సీమలో, ఊరి బంకు ముంగిట కార్ల మహాసేన బారులు తీరి నిలిచెను. వినుడు.

ఆ సేన నడుమ నీలికారు నధిష్ఠించినవాడు సిరిల్. రిటైరైన పోస్టుమాన్, వెళ్లిపోదామని ఓటేసిన స్వాతంత్ర్యలోలుడు. వాని పక్క సీటులో బెల్టు బిగించుకొని కూర్చున్నది భార్య కాదు; వేసవియంతయు దుప్పటి కప్పి పెంచిన కాంచనకాంతికలిత గుమ్మడికాయ. భార్య ఈనిడ్ వెనుక సీటున ఒదిగియుండెను. పన్నెండు గంటలలోపు ఆ కాయ జిల్లా కూరగాయల పోటీలో బల్లమీద వాలవలెను. ఆలస్యమైనచో తలుపులు మూసెదరు. ఇన్నేండ్లుగా పోటీపడుచున్నను సిరిల్‌కు ఒక్క రిబ్బనైనను దక్కలేదు, పాపం.

వాని వెనుక కారులో మాల్కం. పక్కింటివాడు, ఉండిపోదామని ఓటేసినవాడు, అదే పోటీకి ఉల్లిగడ్డలతో బయలుదేరిన వీరుడు. ఒకప్పుడు ఇద్దరికీ ఒకే టీ ఫ్లాస్కు. ఓట్లు లెక్కించిన నాటినుండి మాటల్లేవు, టీ అంతకన్నా లేదు.

ఇంతలో నీలికారు ఒక్కసారి దగ్గి ప్రాణము విడిచెను.

"ఏసీ ఆపమని చెప్పానా లేదా?" అనెను ఈనిడ్.

"కాయకి ఉక్కపోస్తే తొడిమ వాడిపోతుంది."

"నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఉక్కపోస్తూనే ఉంది. ఎప్పుడైనా వేశావా?"

ముందున్నవారు ఒక్కొక్కరుగా పెట్రోలు పోయించుకొని పోయిరి. బంకు దాక దారి ఖాళీ. అయినను వెనుకనున్న మహాసేనలో ఒక్కడు కదలలేదు, ఒక్క హారను మోగలేదు. కూటమిని వదిలి రాగలము గాని, మావాళ్ళు క్యూ దాటలేరు. మాల్కం పక్కనుండి దూసుకుపోయినను అడిగేవాడు లేడు. అయినను పోలేదు.

"వెళ్ళి వాణ్ణి అడుగు," అనెను ఈనిడ్.

"చస్తే అడగను. ఆ ఉల్లిగడ్డలోడి సాయం తీసుకునే కన్నా దీన్ని ఇక్కడే సూపు కాచుకుంటాను."

ఆ ప్రతిజ్ఞను లెక్కచేయక ఆ ధీరవనిత వానలోకి దిగి, మాల్కం కారు అద్దము తట్టెను.

"బయటికొచ్చి సొంత కాళ్ళ మీద నిలబడతామన్నాడుగా మీ ఆయన," అనెను మాల్కం. "నిలబడమను."

"నిలబడ్డాడు మాల్కం. నడవలేకపోతున్నాడు, అంతే."

మాల్కం నవ్వు ఆపుకొనుటకు చూచెను, ఆగలేదు. దిగివచ్చి నీలికారు వెనుక భుజమానించి, ఐదేండ్ల మౌనమును భగ్నము చేయుచు పలికెను: "హ్యాండ్ బ్రేకు తియ్యరా, తిక్కలోడా."

అంతట, బూట్లు జారగా, నడుములు కలుక్కుమనగా, ఒకడు తలుపు పట్టి లాగుచు, వేరొకడు డిక్కీ పట్టి నెట్టుచు, పెట్రోలు ధర ఎవరివల్ల పెరిగెనో దారిపొడవునా ఒకరినొకరు తిట్టుకొనుచు, ఆ వృద్ధసింహద్వయము రథమును బంకునకు చేర్చెను.

సిరిల్ కారులో పెట్రోలు నింపుకొనెను. మాల్కం తన కారు తెచ్చునంతలో పంపు గుటకవేసి ఊరకుండెను. బంకు పిల్ల "పెట్రోలు లేదు" అను బోర్డు తగిలించెను. మాల్కం అడుగంటిన తన పెట్రోలు ముల్లు వంక, ఉల్లిగడ్డల బుట్ట వంక చూచి తల దించుకొనెను.

గడియారము పన్నెండునకు పరుగెత్తుచుండెను. సిరిల్ ఇంజను వేసెను, ఆపెను. చివరకు గుమ్మడికాయ బెల్టు విప్పెను.

"వచ్చి ముందు కూర్చో. దీన్ని ఒళ్ళో పెట్టుకో. తొడిమ మాత్రం ముట్టుకోకు."

"మరి నా ఉల్లిగడ్డలు?"

"ఇటివ్వు," అనెను ఈనిడ్. "ముందు సీటు నాకెలాగూ రాదు."

పోటీశాల తలుపులు మూయుచుండగా వారు లోన జొరబడిరి. ఉల్లిగడ్డలకు ఏమియు రాలేదు. గుమ్మడికాయల రణరంగమున తృతీయ బహుమానము, పచ్చరిబ్బను సహితముగా, సిరిల్‌ను వరించెను.

మాల్కం బల్లను పరిశీలించి, "పోటీకొచ్చినవే మూడు కదరా," అనెను.

"లెక్కపెట్టకు మాల్కం. క్రితంసారి లెక్కపెట్టినప్పుడు ఏమైందో చూశాంగా," అని సిరిల్ ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించెను.

రాజ్యము ఇంకను చీలియే యున్నది. బంకుకు పెట్రోలు రాలేదు. అయినను ఆ మధ్యాహ్నము ఒక్క ఫ్లాస్కులోని టీ ఇద్దరు తాగిరని, అది చల్లారియున్నను వంక పెట్టలేదని, దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాను.