అధ్యక్షులవారి నాలుగు మెట్లు

మా ప్రార్థనా సమాజానికి అధ్యక్షులుగా మరో ఏడాది కొనసాగడానికి ఇంజినీరుగారు పెద్దమనసుతో అంగీకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కొనసాగమని ఆయన్ను బతిమాలిందెవరో మాత్రం ఇంకా తెలియరాలేదు.

మాది ఉదార సమాజం. దేవుడున్నాడనేవాళ్లు రావచ్చు, లేడనేవాళ్లు రావచ్చు, ఉంటే లోకం ఇలా ఎందుకు తగలడిందండీ అని నిలదీసేవాళ్లకైతే కాఫీ కూడా ఇస్తాం. మాకున్న నియమం ఒక్కటే: సందేహం పవిత్రమైనది. ఏ ప్రతిపాదన వచ్చినా అధ్యక్షులు "ఎవరికైనా సందేహమా?" అని అడగాలి. ఒక్క చెయ్యి లేస్తే చాలు. కారణం అడగకూడదు. అందరం కళ్లు మూసుకుని కాసేపు మౌనం పాటించి, విషయాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేయాలి. ఇలా పవిత్రంగా వాయిదా పడుతున్నవాటిలో మా హాలు పైకప్పు కారడం కూడా ఉంది. వానాకాలంలో ఆ చుక్కల కింద బకెట్టు పెట్టుకుని మరీ మౌనం పాటిస్తాం.

ఇంజినీరుగారు ఉద్యోగమున్నన్నాళ్లూ వంతెనలు కట్టించారు. రిటైరయ్యాక కొన్నాళ్లు ఇంట్లోనే సేవ చేశారు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేసరికి ఉప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. "నాన్నా, మీలాంటివాళ్ల అవసరం సమాజానికి ఎంతో ఉంది" అని కూతురు ఆయన్ను మాకు అప్పగించి చేతులు దులుపుకుంది. ఆయన వచ్చీ రాగానే మా కుర్చీలను దారం పట్టి వరసలో పెట్టించారు. ఆతిథ్య ఉపసంఘం వేశారు. దాని పనితీరు చూడటానికి మరో ఉపసంఘం వేశారు. అధ్యక్ష పదవికి ఆయన పేరు వచ్చిన రోజున అందరం మా చెప్పులకేసి చూసుకుంటూ కూర్చున్నాం. ఆ విధంగా ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

శ్రమదానం కింద ఒక ఆదివారం పొద్దున్నే ఆయన హాలు ముందున్న నాలుగు మెట్లనూ సబ్బునీళ్లతో స్వయంగా కడిగారు. ఆ తడి మెట్ల మీదే జారిపడి ఆయన భార్యకు తుంటి ఎముక విరిగింది. మెట్ల శుభ్రతను మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

ఆవిడ ఆయనకంటే చాలా ముందునుంచీ మా సభ్యురాలు. పాట ఎత్తుకునేదెప్పుడూ ఆవిడే. మేం వెనకాల ఏదో కూసేవాళ్లం. ఇప్పుడావిడ చక్రాల కుర్చీలో వస్తుంది. మెట్ల కిందే ఆగిపోతుంది. ఆవిడ కోరిందల్లా ఒక్కటే, లోపలికొచ్చి నలుగురితో కలిసి పాడుకోవడం.

మేమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మెట్ల పక్కన వాలుబాట వేద్దామని ప్రతిపాదన వచ్చింది. అలా వేస్తే ఆవిడ ఇక నడవదని మనమే తేల్చేసినట్టు కాదా అని డ్రాయింగు మాస్టారికి సందేహం వచ్చింది. పోనీ కుర్చీతో సహా ఎత్తుకొద్దామంటే, ఆవిడ ఆత్మగౌరవం ఏం కావాలని పళ్ల డాక్టరుగారికి సందేహం వచ్చింది. ఆవిడనే అడుగుదామని ఎవరో అన్నారు. అడిగి నొప్పించడం భావ్యమా అని ఇంకెవరికో సందేహం వచ్చింది. చివరికి అధ్యక్షులవారే చెయ్యెత్తారు.

"మిత్రులారా! ఆమె నా భార్య. నా భార్య కోసం నేను వాలుబాట వేయిస్తే రేపు చరిత్ర నన్ను క్షమిస్తుందా? అందరినీ సమానంగా చూడాలన్న మన ఆశయం ఏమైపోవాలి? ఆమె మనదే. ఎక్కడున్నా మనదే!"

చప్పట్లు మారుమోగాయి. ఆవిడ కోసం బయట గేటు దగ్గర ఒక స్పీకరు పెట్టించాం. బస్సులు లేపే దుమ్ములో, నెత్తిమాడే ఎండలో కూర్చుని, అందరినీ కలుపుకుపోవడం గురించి తన భర్త చేసే ప్రసంగాలన్నీ ఆవిడ వింది.

ఇంతలో పళ్ల డాక్టరుగారు సమాజానికి పియానో ఒకటి బహూకరించారు. దాన్ని ఎక్కించడానికి దిట్టమైన చెక్క పలకలు కూడా పంపారు. మెట్ల మీద పలకలు పరచడం గురించి ఎవరికీ సందేహం రాలేదు. పియానోకు ఆత్మగౌరవం లేదు కదా.

పియానో లోపలికి వెళ్లగానే ఆవిడ కూలీలను పిలిచింది. "బాబూ, పన్లో పని, నన్ను కూడా ఓ తోపు తోసెయ్యండి."

తోసేశారు. "మన సోదరి ఎందుకు దూరమైంది?" అన్న విషయం మీద లోపల చర్చ రసవత్తరంగా సాగుతుండగా ఆ సోదరి నడిమధ్యకు వచ్చి ఆగింది. చర్చకు పెద్ద అంతరాయమే కలిగింది. అధ్యక్షులవారు తడబడి, మళ్లీ గొంతు సవరించుకున్నారు.

"ఆ పలకలు చూడటానికి బాగాలేవు. తీయించేద్దాం. ఎవరికైనా సందేహమా?"

"నాకుంది" అని ఆవిడ చెయ్యెత్తింది.

"నీకేం సందేహమోయ్?"

"కారణం అడగకూడదు కదండీ."

అడగకూడదు. మౌనం పాటించి వాయిదా వేశాం. ఆ రోజు ఆవిడ పాడింది. చాన్నాళ్లకు మా పాట పాటలా వినిపించింది. నిజం చెప్పొద్దూ, కొందరికి కళ్లు చెమర్చాయి. మరుసటి ఆదివారం మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే చెయ్యి. ఆ పై వారమూ అంతే. సందేహమే ఈ దారి వేసిందని అధ్యక్షులవారు బయటి సభల్లో మా సమాజం గొప్పతనం చెప్పుకున్నారు కూడా. ఇంట్లో మాత్రం రాగం వేరు.

"వచ్చేవారం నువ్వు చెయ్యెత్తకపోతే బాగుంటుందోయ్. నలుగురిలో నా మాటకు విలువుండాలి కదా."

"ఎత్తకపోతే లోపలికెలా రానండీ?"

"దాని మీద ఉపసంఘం వేస్తాను."

ఆ తర్వాతి ఆదివారం ఆవిడకు జ్వరం తగిలి రాలేకపోయింది. అధ్యక్షులవారు యథావిధిగా అడిగారు. డ్రాయింగు మాస్టారు కిటికీలోంచి చూశారు. పళ్ల డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. అంత విశాలమైన హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. పలకలు తీయించి, వాటితో సమానత్వం పుస్తకాలకు బీరువా చేయించాలని తీర్మానించాం. పిమ్మట అందరం లేచి నిలబడి, మా సోదరి త్వరగా కోలుకుని మళ్లీ మా మధ్యకు రావాలని మనస్ఫూర్తిగా ప్రార్థించాం.

అధ్యక్షులవారు ఇంటికెళ్లి ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు. నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"నీ కోసం ఎంత బాగా ప్రార్థించారనుకున్నావ్!"

"పలకలున్నాయాండీ?"

ఆయన ముఖం గర్వంతో వెలిగిపోయింది.

"ఒక్కరికంటే ఒక్కరికి కూడా సందేహం రాలేదోయ్."