ఆరని పైపూత

ఆ రోజు ఉదయం ఓదెలు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి. తను చెక్కిన చెక్క చేపలకు పైపూత వేయాలి. వాకిట్లో దండేనికి వేలాడదీసి, ఆరాక డబ్బాలో సర్ది, శుక్రవారం మస్కట్ విమానం ఎక్కుతున్న మొగిలయ్య చేతిలో పెట్టాలి. ఇందులో ఇతరుల జోక్యానికి ఎక్కడా చోటు లేదు. కానీ కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం పక్క ఊళ్లో, అందులోనూ ఇంటికొక మగవాడు గల్ఫ్‌లో ఉన్న వాడకట్టులో, వాకిట్లో ఒక వస్తువును వేలాడదీసి అది తన సొంత విషయమనుకోవడం ఓదెలు చేసిన మొదటి పొరపాటు.

ఓదెలు తాతలు తాటిచెట్లు ఎక్కారు. ఓదెలు విమానం ఎక్కి, ఒమన్‌లో ఒక అర్బాబ్, అంటే అరబ్ యజమాని దగ్గర పడవలు బాగుచేసే పనిలో చేరాడు. గాలానికి కట్టే చెక్క చేపలు చెక్కడం అక్కడే నేర్చుకున్నాడు. రంగులు వేసిన ఆ చెక్కను పడవ వెనక నీళ్లలో లాగుతూ పోతే, పెద్ద చేప దాన్ని నిజం చేపనుకుని మింగి గాలానికి చిక్కుతుంది. ఇంటికొచ్చాక అలాంటివి చెక్కి ఫోటోలు పంపితే, యజమాని మురిసిపోయి కబురు పెట్టాడు. నమూనాకు కొన్ని పంపు, నచ్చితే నా దుకాణానికి అవసరమైనవన్నీ నువ్వే అక్కడ చేసి పంపు అని.

అంటే ఇంట్లో కూర్చుని బతకవచ్చు. మళ్లీ పెట్టె సర్దక్కర్లేదు, మంచం మీద మంచం వేసిన గదిలో పడుకోనక్కర్లేదు. పోయినసారి అతను ఊరు వదిలినప్పుడు పాకుతున్న కూతురు, తిరిగొచ్చేసరికి తల్లి కొంగు పట్టుకుని "ఎవలే అమ్మా?" అని అడిగింది. ఆ మాట ఓదెలును ఇప్పటికీ నిద్రపోనివ్వదు. కాబట్టి ఆ చేపలు పోవాలి, తను ఉండాలి.

అంతా పైపూత మీదే ఆధారపడి ఉంది. పూత అద్దంలా ఉండాలి, కింద రంగు కనబడాలి, ఉప్పునీళ్లు చెక్కలోకి దిగకూడదు. ఓదెలు కోరుట్లలో గోపాల్ రావు గారి రంగుల దుకాణంలో మంచి వార్నిష్ అడిగి తెచ్చి, ఓపికగా పూశాడు. బాగానే ఆరింది. పరీక్షకని ఒక చేపను రాత్రంతా బకెట్‌లో ఉంచాడు. పొద్దున చూస్తే చేప కనబడలేదు, తెల్లటి సున్నపు ముద్ద కనబడింది. ఓదెలుకు ఒళ్లు మండింది. ఆ ముద్దనే సంచిలో వేసుకుని కోరుట్లకు పోయాడు.

"గిదేం వార్నిష్ సార్? నీళ్లల్ల ఉంచితే సున్నం కొట్టినట్టయింది!"

గోపాల్ రావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "నేనిచ్చింది తలుపుల వార్నిష్. నీ ఇంటి తలుపులు బకెట్ల నానవెడ్తవా?"

"చేపలకని చెప్పే కొన్న గద సార్!"

"చేపలని చెప్పినవు. నీళ్లని చెప్పినవా?"

ఓదెలు ఇంటికొచ్చి, చేపలన్నింటినీ గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ రంగులు వేశాడు. ఈసారి జగిత్యాలలో కార్లకు రంగులు కొట్టే కనకయ్య దగ్గరికి పోయాడు. "కార్లు వానల నిలవడ్తలెవ్వా? గీ క్లియర్ కోటు కొట్టు, ఇగ సూస్కో" అని కనకయ్య ఒక సీసా ఇచ్చాడు. అది తగిలిందో లేదో, కింద రంగంతా ముడతలు పడి పైకి లేచింది. ఫోన్ చేస్తే కనకయ్య ఒక్కటే మాట అన్నాడు, "తప్పు నీ రంగుది."

ఆ ముడతల చేపలు దండేనికి వేలాడుతుంటే, ఓదెలు గడపలో తల పట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి ముత్తమ్మ వచ్చింది. ఆమె కొడుకు వేణు దుబాయిలో ఉంటాడు. ఉగాది నుంచి వాడి ఫోన్ లేదు.

"గివేంది శోభా, వాకిట్ల చేపలు ఏలాడదీసిండ్రు?"

భార్య శోభ చెప్పింది, "ఇవి మస్కట్ పోతయి అత్తా. ఇవి పోతే ఈయన పోవుడు తప్పుతది."

శోభ చెప్పింది అక్షరాలా నిజం. కానీ విన్నది ముత్తమ్మ. కాలు నొప్పికి వెండి కాలు, కంటి జబ్బుకు వెండి కన్ను దేవుడికి మొక్కుకునే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. మనిషికి బదులు చేప పోతుందనడం ఆమెకు వింతగా తోచలేదు. చటుక్కున ఇంట్లోకి పోయి కుంకుమ భరిణె తెచ్చి, వేణు పేరు తలుచుకుని, ఒక చేప నుదుట బొట్టు పెట్టింది. వేలు పచ్చి పూతకు అంటుకుంటే గట్టిగా లాక్కుంది.

ఆ సాయంత్రం వేణు ఫోన్ చేశాడు. అతని పాత ఫోన్ పాడైపోయింది, చేయి ఆడక ఇన్నాళ్లూ కొత్తది కొనలేదు, ఇప్పుడు కొన్నాడు. ఇందులో చేప ప్రమేయం ఎంత మాత్రం లేదు. కానీ ఈ సంగతి వినే ఓపిక ముత్తమ్మకు లేదు; అంతా చేప మహిమేనని రాత్రికి రాత్రే వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

ఇదేమీ తెలియని ఓదెలు మర్నాడు తొలి బస్సుకే సిరిసిల్లకు పోయాడు. అక్కడ శోభ అక్క కూతురు అక్షిత, పెళ్లి దండలు వాడిపోకుండా అద్దంలాంటి రెసిన్‌లో పోసి ఫ్రేములు కట్టిస్తుంది. ఈ సంగతి ముందే గుర్తొచ్చి ఉంటే రెండు ఊళ్ల బస్సు ఛార్జీలు, బోలెడంత కోపం మిగిలేవి.

"రెండు సీసాలు సమంగ కలుపు, చిన్న బాపూ" అంది అక్షిత. "గట్టివడేదాంక చేపలను తిప్పుకుంటనే ఉండాలె, లేకుంటే పూత కిందికి జారుతది. దుమ్ము పడనియ్యకు. ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

ఆ చివరి మాటను గుండెలో పెట్టుకుని ఓదెలు ఇంటికొచ్చేసరికి, వాకిలి నిండా ఆడవాళ్లు. గొల్లపల్లి నుంచి ఒక ఆటో కూడా వచ్చింది. దండేనికి ఉన్న చేపలు పసుపులో, కుంకుమలో మునిగి ఉన్నాయి. ఒకదానికి నిమ్మకాయ కూడా గుచ్చారు.

"ఎవలు ముట్టుమన్నరు మిమ్ముల?" ఓదెలు గొంతు చిరిగేలా అరిచాడు. "ఇవి దేవుండ్లు కాదు! చేపలు పట్టే చెక్కలు! నడువుండ్రి బయటికి!"

"గంత కోపమేందిరా? మా మనుషులు మాకద్దా?" అంది ముత్తమ్మ. "నీకు ఇంట్ల ఉండబుద్ధయితది, మా పోరగాండ్లకు కాదా?"

ఆ మాటతో ఓదెలు కోపం ఇంకా పెరిగింది. చేపలను లోపలి గదిలోకి తీసుకుపోయి, మళ్లీ రుద్ది, మళ్లీ రంగేసి, రెసిన్ కలిపి పూశాడు. తలుపు గడియ పెట్టి, తాడుకు కట్టిన చేపలను ఒక్కొక్కటే తిప్పుతూ నిలబడ్డాడు. పూత అద్భుతంగా వచ్చింది. చేపలు అప్పుడే నీళ్లలోంచి తీసినట్టున్నాయి. ఇన్నాళ్లకు ఓదెలు ముఖంలో నవ్వు కనిపించింది. వాసనకు తల తిరుగుతుంటే కిటికీ తెరిచి, కొత్త గాలాలు వెతకడానికి మూలకు తిరిగాడు.

అంతే. కిటికీ చువ్వల్లోంచి గాజుల చేతులు ఒకదాని వెంట ఒకటి లోపలికి వచ్చాయి. ఓదెలు అరుస్తూ తిరిగి వచ్చేసరికి ప్రతి చేప నుదుటా చక్కని కుంకుమ బొట్టు ఉంది. తుడవబోతే పూత చెడుతుంది. చూస్తుండగానే బొట్టు రెసిన్‌లోకి దిగింది, దాని మీద పూత అద్దంలా సర్దుకుంది. ఇక ఆ బొట్టు ఈ జన్మకు పోదు. శుక్రవారం పూత గట్టిపడేసరికి, విమానానికి బయలుదేరిన మొగిలయ్య ఆటో బయట హారన్ కొడుతోంది. ఓదెలు గట్టిపడ్డ చేపలను డబ్బాలో పేర్చుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమన్న అంటే, మా ఊళ్లె ఆడోళ్లు పిచ్చోళ్లని చెప్పు మొగిలన్నా" అన్నాడు.

"నాకెందుకు తమ్మీ, నువ్వే చెప్పు" అని మొగిలయ్య డబ్బా తీసుకుని పోయాడు.

తర్వాత అర్బాబ్ గొంతు ఫోన్‌లో వచ్చేదాకా ఓదెలు అన్నం సరిగ్గా తినలేదు. వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. ఓదెలు స్పీకర్ పెట్టి, అరబ్బీ మాటను మాట వెంట మాటగా తెలుగులో చెప్పసాగాడు. చేపలు అందాయి. నీళ్లలో వేయలేదు, వేయడానికి మనసు రాలేదు. లోపల ఎర్ర చుక్క అద్దం కింద మణిలా ఉంది, గోడకు పెట్టించాను. నీళ్లలో వేసే చేపలు చైనా నుంచి చవకగా వస్తాయి, అవి చాలు. కానీ ఇలాంటి పూత వేసేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు. నా పడవలన్నింటికీ ఇదే వేయాలి. వెంటనే బయలుదేరు, వీసా పంపుతున్నాను.

చివరి మాట దగ్గర ఓదెలు ఆగిపోయాడు. వాకిలి మాత్రం ఆగలేదు.

"వీసా అచ్చిందంట!" ఎవరో కేకేశారు. "ఏజెంటు లేకుంటనే అచ్చిందంట! చేప మహిమ!"

"నేను పోవద్దని చేసిన చేపలే అవ్వి!" ఓదెలు అరిచాడు. ఎవరూ వినలేదు. కొడుకుకు వీసా కావలసిన తల్లులు, భర్త ఇంటికి రావలసిన భార్యలు అందరూ కలిసి, ఇంకెప్పుడు చేస్తావని అతన్నే చుట్టుముట్టారు.

శోభ ఒక్కతే లోపలికి పోయింది. ఓదెలు వెనకే పోయాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పూత మంచిగున్నదన్నడే" అన్నాడు. అందులో కాస్త గర్వం ఉండడం చూసి అతనికే సిగ్గేసింది.

శోభ కళ్లనిండా నీళ్లతో అతని వైపు తిరిగింది. "గంత మంచిగ ఎందుకేసినవ్?"

మర్నాడు వీసా ఫోన్‌లోకి వచ్చింది. అందులో పూత మాట ఎక్కడా లేదు; వృత్తి అన్న చోట గొర్రెల కాపరి అని ఉంది.