హోర్విక్ ఎడమ చెయ్యి

ఈ కాలం పిల్లలకు చరిత్ర తెలియదని వాపోయే పెద్దలారా, ఆ కన్నీళ్లు తుడుచుకోండి! నంద్యాలలో విత్తనాల అంగట్లో పనిచేసే క్రాంతి కుమార్‌కు పన్నెండు వందల ఏళ్ల చరిత్ర కంఠోపాఠం. అది భూమ్మీద ఎక్కడా జరగని చరిత్ర అంటారా? అంత చిన్న విషయానికి పేచీ పెట్టుకుంటే ఎలా?

జరిగిన చరిత్రతో మనం బాగుపడింది ఏముంది? ఎవరి తాత ఎవరి గట్టు జరిపాడో తేల్చుకోవడానికి మూడు తరాలు కోర్టు మెట్లెక్కాలి. జరగని చరిత్రకు వాయిదాలు లేవు, వకీళ్లు లేరు. నెట్ ప్యాక్ ఉంటే చాలు.

ఆ చరిత్ర పేరు వెల్‌డ్రాన్. ఆన్‌లైన్ గేమ్. కోటలు, కత్తులు, మంత్రగత్తెలు, డ్రాగన్లు. క్రాంతి ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది. క్రాంతికి ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి, అది మాత్రం ఇంకా ముగియలేదు. ఇప్పుడు అతను ఆడేది తక్కువ, వాదించేది ఎక్కువ. అందులోని రాజుల కథలను, వంశాలను, ఒట్లను, శాపాలను అన్నిటినీ కలిపి అభిమానులు ‘లోర్’ అంటారు. లోర్ తెలియకుండా ఊరికే ఆడేవాణ్ణి వాళ్లు వేలిముద్రగాడి కింద జమకడతారు.

మిడుతూరు రైతు వచ్చి శనగల్లో ఈ రకం ఎన్నాళ్లకు కోతకొస్తుందని అడిగితే క్రాంతి సంచి తిప్పి, దాని మీద అచ్చువేసింది చదివి చెబుతాడు. ఉత్తర దేశపు రాజుగారి రెండో భార్య పుట్టిల్లు ఎక్కడని అడగండి. ఏ సంచీ తిప్పడు!

ఇక సమాజానికి ఈ లోర్ చేసే మేలు చెప్పనలవి కాదు. గేమ్‌లో చేరగానే ఏదో ఒక ఫ్యాక్షన్ ఎంచుకోవాలి. మన సీమలో ఆ మాట వింటే పెద్దవాళ్లు ఇప్పటికీ తలుపు గడియ పెడతారు కదా! ఇక్కడ మాత్రం నంద్యాల అభిమానులు ఒక ఫ్యాక్షన్, ఆళ్లగడ్డ అభిమానులు ఇంకో ఫ్యాక్షన్. ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు, ఒక్క సుమో కూడా తగలబడలేదు. శాంతి కమిటీలు ఎన్నేళ్లు తిరిగినా సాధించలేనిది ఒక యాప్ సాధించింది.

ఆళ్లగడ్డ వర్గానికి నాయకురాలు ఆర్షియా. బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్ నడుపుతుంది. గేమ్‌లో మంచు రాణి చనిపోయిన రోజు ఆ పిల్ల అన్నం ముట్టలేదు. తల్లి జైనాబీ కంగారుపడి, “యవరే ఆమె, మనోళ్లకేమైతాది?” అని అడిగింది. దూరపు వాళ్లని తెలిశాక కూడా, పోయినామె పోయినామే కదా అని ఆ ఇల్లాలు ఒక దువా చేసి పెట్టింది. ఏ రాణికి దక్కింది ఇంత భాగ్యం?

వర్గాలు వేరైనా ఆర్షియాకూ క్రాంతికీ దేవుడి లాంటి వాడు ఒక్కడే. సేనాని హోర్విక్.

హోర్విక్ ఎవరో తెలియని పాఠకులు సిగ్గుపడనక్కర్లేదు, ఇప్పుడు తెలుసుకుంటే చాలు. శత్రువులు తరుముకొస్తుంటే కోట తలుపు మూతపడకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, తన సైనికులంతా లోపలికి వచ్చేదాకా నిలబడ్డ మహావీరుడు. చెయ్యి నుజ్జయి తెగిపోయింది. అప్పటి నుంచి ఆయన ఒంటిచేతి సేనాని.

రెండేళ్ల కిందట గేమ్ కంపెనీ ఒక పాపం చేసింది. కొత్త అధ్యాయంలో, హోర్విక్ నిద్రమత్తులో పొరపాటున తలుపు సందులో చెయ్యి పెట్టాడని రాసింది! అభిమానులు ఊరుకుంటారా? క్రాంతి కుమార్ అంగడి పని మానుకుని మూడు పేజీల పిటిషన్ రాశాడు. ‘కాపలా కాసే రాత్రి కన్ను మూయనని ఒట్టు పెట్టుకున్నవాడు హోర్విక్. నిద్రమత్తు అతని క్యారెక్టర్‌కు పొసగదు. ఈ మాట చెబుతున్నది ఎవరు? అప్పుడు అక్కడ ఉన్నారా?’ అని నిలదీశాడు. ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది సంతకాలు పెట్టారు. వారం తిరక్కుండానే కంపెనీ తప్పయిందని ఒప్పుకుని, వీరుడి పరువు వీరుడికి తిరిగి ఇచ్చేసింది. ప్రజాస్వామ్యం మీద నమ్మకం పోయినవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదువుకోండి.

ఆ విజయానికి గుర్తుగా రెండు ఊళ్ల వాళ్లూ చందాలేసుకుని హోర్విక్ విగ్రహం చేయించాలనుకున్నారు. విగ్రహమంటే ఆళ్లగడ్డను మించిన చోటు ఉందా? శిల్పి దేవరాజుకు ఫొటో ఇచ్చారు. నంద్యాలలో అభిమానుల సభ పెట్టుకున్నారు, కడప నుంచి, కర్నూలు నుంచి జనం వస్తామన్నారు. సభకు ముందురోజు క్రాంతి గూడ్స్ ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు. బరువైన రాళ్లు ఎత్తి దించడం తెలిసిన మనిషని తండ్రి రాజరత్నాన్ని వెంట తీసుకుపోయాడు. ఆయన రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సగం జీవితం పనిచేశాడు.

ఆర్షియా వాళ్లకంటే ముందే షెడ్డుకు వచ్చి ఉంది. దేవరాజు గోనెపట్టా లాగాడు. నల్లరాతి హోర్విక్ కళ్లు చెదిరేలా ఉన్నాడు. కవచం, గడ్డం, కుడిచేతిలో కత్తి. ఎడమచెయ్యి మాత్రం నిండుగా, ఐదు వేళ్లతో, అభయహస్తం పట్టి అందరినీ దీవిస్తోంది!

క్రాంతి దగ్గరికి పోయి ఆ వేళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

“ఈ చెయ్యి యాడిదన్నా?”

“చెక్కినా,” అన్నాడు దేవరాజు, “అవయవం లేని బొమ్మ మా షెడ్డు దాటి పోకూడదప్పా. మా నాయన కాలం నుంచి అంతే.”

“ఫొటోలో లేదు కదా.”

“ఫొటో తీసినోడు సరిగా తీయలేదనుకుంటి.”

పాఠకులు క్రాంతి కష్టం అర్థం చేసుకోవాలి. రేపు సభలో ఈ విగ్రహం మీద ముసుగు తీస్తే అతని పరువేం కాను? చెయ్యి లేకపోవడమే హోర్విక్ కథ. చెయ్యి ఉంటే ఆయన మామూలు గడ్డపాయన!

“తీసెయ్యన్నా ఆ చెయ్యి,” అన్నాడు క్రాంతి.

“చెక్కమంటే చెక్కుతా. నరకమంటే నరకను,” అన్నాడు దేవరాజు.

క్రాంతి పక్కనున్న సుత్తి అందుకున్నాడు. అంతవరకూ గడప దగ్గర కూర్చున్న రాజరత్నం లేచి వచ్చి, రాతి చేతి మీద తన కుడిచెయ్యి పెట్టాడు. ఆ చేతికి ఉన్నవి రెండే వేళ్లు.

“ఉండనీప్పా,” అన్నాడు. “ఉన్న చెయ్యి పోగొట్టేదెందుకు?”

ఆర్షియా ఆ వేళ్ల వంక చూసింది. “అంకుల్, మీకేమైంది?”

క్రాంతే జవాబిచ్చాడు. “ఫ్యాక్టరీలోలే. తాగి మిషన్ కాడికి పోయినాడంట.”

ఆర్షియాకు లోర్ జబ్బు ముదిరిపోయింది కదా, ఊరుకోలేకపోయింది. “అంట అంటాండావ్. యవరు చెప్పినారన్నా?”

“మేనేజరు.”

“ఆయప్ప అప్పుడు మిషన్ కాడుండెనా?”

“లేడు. ఆఫీసులో ఉండె.”

“అంకుల్ తాగతాడా?”

రాజరత్నం చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం ప్రభు బల్ల దగ్గర గిన్నె అందించే మనిషి. ఆ గిన్నెలో గుక్కెడు ద్రాక్షరసం తప్ప ఆయన నోట ఏ రసమూ పడినట్టు లోకంలో సాక్ష్యం లేదు. ఫ్యాక్టరీ మాట ఊళ్లో పాకాక ఆ గిన్నె ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది. ఇప్పుడాయన వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. కొడుకు పక్కనే కూర్చుంటున్నాడు గాని, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

“మరి క్యారెక్టర్‌కు పొసగదు కదన్నా,” అంది ఆర్షియా.

రాజరత్నం తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “బెల్టు మీద ఇనప మూత ఉండాలమ్మా. పని బేగా కావాలని తీయించేసినారు. రాయి జారె, పట్టుకోబోతి, బెల్టు లాక్కునె. మూత లేదని బయటపడితే వాళ్లకు ఇబ్బంది కదా. తాగినాడని రాసుకున్నారు.”

“ఇది యవరికీ చెప్పలేదా నాయనా?” అన్నాడు క్రాంతి.

“సంఘంలో చెప్పినా. ప్రార్థన చేస్తామన్నారు. నీకూ చెప్పినా.”

“నాకా? ఎప్పుడు?”

“ఆస్పత్రి నుంచి వచ్చినంక. ఫోన్ పట్టుకోని ఏందో రాస్తాండావు. ఎవరిదో చెయ్యి గురించి వాళ్లెవరో అబద్ధం రాసినారని మంట మీదుంటివి. నేను చెప్పేదంతా విని ఊఁ అంటివి.”

దేవరాజు గోనెపట్టా మళ్లీ కప్పేశాడు. క్రాంతి సుత్తి కింద పెట్టి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు, బుద్ధి తెలిశాక మొదటిసారి. సిగ్గుతో అతని మొహం కందిపోయింది. సిగ్గుపడాల్సిందే!

హోర్విక్ అభయహస్తంతోనే ఆటో ఎక్కాడు. క్రాంతి దారిలోనే ఫోన్ తీసి కొత్త పిటిషన్ రాశాడు. ఇనప మూత సంగతి, మేనేజరు ఎక్కడున్నాడన్న సంగతి, రాజరత్నం అనే మనిషి క్యారెక్టర్ సంగతి. ఫ్యాక్టరీ తప్పు ఒప్పుకోవాలి, తన తండ్రి పరువు తండ్రికి తిరిగి రావాలి, అందరూ సంతకం చేయండి అని, హోర్విక్ కోసం క్షణాల మీద కదిలిన ఆ అభిమానుల గ్రూపులోనే పెట్టాడు.

చూశారా, లోర్ వల్ల ఎంత మేలు? సాక్ష్యం అడగడం నేర్పింది, అబద్ధాన్ని ముక్కలు ముక్కలుగా విడదీయడం నేర్పింది, వేల మందిని ఒక్క మాట మీద నిలబెట్టడం నేర్పింది. ఇంకేం కావాలి మనకు!

నంద్యాల చేరేసరికి గ్రూపులో చాలామంది చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. సంతకాలు ఇంకా మొదలు కాలేదు. ఒక్కడు మాత్రం శ్రద్ధగా ప్రశ్న అడిగాడు.

“సూపరన్నా. ఈ రాజరత్నం ఏ చాప్టర్‌లో వస్తాడు?”