ఈ ముఖం చెల్లదు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ఈ నాలుగు పేజీలు రాయడానికే నెల పట్టింది.

ఆ ఉదయం, బడి బస్సు నడిపే మన బస్సక్క వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి పిల్లల్ని బడి గేటు దగ్గర దింపడం, తొమ్మిదిన్నరకి లైసెన్సు ఆఫీసులో కాగితాలివ్వడం, ఇంటికెళ్ళి ఇంత తిని మూడింటికి మళ్ళీ బస్సెక్కడం. లైసెన్సు గడువు ఆ రోజుతో సరి. మర్నాడు పొద్దున్నకి కొత్తది చేతిలో లేకపోతే బస్సు తాళాలు బడి మేనేజరు బావమరిదికి పోతాయి. అతగాడు రెండేళ్ళుగా ఆ బస్సు మీద కన్నేసి ఉన్నాడు. ఈ మధ్య ఆవిడ అటు వెళ్ళగానే సీటెక్కి కూర్చుని, అద్దం కూడా తనకు తగ్గట్టు తిప్పుకుంటున్నాడు.

లైసెన్సు ఆఫీసు కిటికీ వెనక గుమస్తా దరఖాస్తు అందుకుని, మూలన అంటించిన ఫోటో చూసి ఫక్కున నవ్వాడు. వెంటనే ముఖం ముడుచుకుని కాగితం వెనక్కి తోశాడు.

"ఈ ఫోటో చెల్లదమ్మా."

"ఎందుకు చెల్లదు?"

"ఈ వారంలో ఇది నాలుగోది. ఆకతాయి కుర్రాళ్ళు కావాలని ఇదే అంటించి పంపుతున్నారు. ఈ వయసులో మీకూ ఇదేం సరదా?"

"సరదా ఏంటయ్యా? అది నా ముఖం!"

"ఇది మీమ్ అండీ. ఎవరి ముఖమూ కాదు."

నమ్మకపోతే చూడమని ఫోను చూపించాడు. అందులో ఉన్నది బస్సక్కే. పెదవులు బిగించి, ఎడమ కనుబొమ్మ నుదుటి మీదికెక్కించి, ఎదుటివాణ్ణి నిలబెట్టి కాల్చేసే చూపు. కింద, 'ఐదు నిమిషాల్లో వస్తున్నానని గంట క్రితం చెప్పినవాడు మళ్ళీ అదే చెబితే' అని రాసి ఉంది. వేలితో తోస్తే ఇంకొకటి. ముఖం అదే, రాత వేరు: 'అత్తగారు నేనేమీ అనను గానీ అని మొదలుపెడితే.'

బస్సక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోటో మూడు వారాల కిందట రోడ్డుకి అవతలి పక్క ఫోటోషాపులో తీయించుకున్నది. "కొంచెం నవ్వండక్కా" అని ఆ షాపువాడు పదకొండుసార్లు అన్నాడు. పన్నెండోసారి అన్నప్పుడు వచ్చిన ముఖం అది. ఆవిడ రోడ్డు దాటిన తీరు చూసి రెండు ఆటోలు వాటంతట అవే ఆగాయి.

"అక్కా, మీకోసమే చూస్తున్నా! మీరిప్పుడు ఎంత పాపులరో తెలుసా? నేను మా ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టానంతే. లక్షల మంది చూసేశారు!" అన్నాడు షాపువాడు.

"నన్నడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదక్కా."

"ఇంకో ఫోటో తియ్యి. నవ్వమన్నావంటే కెమెరా పగలగొడతా."

అతను నోరెత్తకుండా ఆరు తీశాడు. ఆరింటిలోనూ ఎడమ కనుబొమ్మ నుదుటి మీదే ఉంది. ఉన్నవాటిలో కాస్త శాంతంగా ఉన్నదాన్ని ఏరుకుని ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మళ్ళీ అదే తెచ్చారేంటండీ!" అన్నాడు గుమస్తా.

"అది కాదు. ఇప్పుడే తీయించాను."

"అదే ముఖం కదా!"

"మరి ఇంకెవరి ముఖం తెమ్మంటావు?"

గుమస్తా ఆవిడ పాత లైసెన్సు పట్టుకుని చూశాడు. అది పదేళ్ళ నాటి ఫోటో. నిండు బుగ్గలు, మెత్తటి నవ్వు. "ఇందులో నవ్వుతున్నారు. ఇదీ అదీ ఒకరేనంటే ఎలా నమ్మేది? ఆ మీమ్‌కీ మీకూ ఏదో పోలిక ఉంది, దాన్ని వాడుకుంటున్నారు."

ఈలోగా వరస చెదిరిపోయి జనం ఆవిడ చుట్టూ మూగారు. ఒకావిడ భుజం మీద చెయ్యేసి ఫోను పైకెత్తింది. "పిన్నిగారూ, ఒక్కసారి అలా చూడండి. మా ఆయనకి పంపాలి."

బస్సక్క ప్రత్యేకంగా ఏమీ చూడనక్కర్లేకపోయింది. "నా ముఖంలో అంతేముందమ్మా మీకు?"

"నోటితో అంటే ఇంట్లో గొడవైపోతుందండీ. మీ బొమ్మ పంపితే ఆయన నవ్వి ఊరుకుంటారు. నా కోపం నాకు తీరుతుంది."

"అంటే ఇంటింటి కోపానికీ నేను కూలికెళ్తున్నానన్నమాట!"

ఆ కేకకి లోపలి గది తలుపు తెరుచుకుని ఆఫీసరు బయటికొచ్చాడు. "ఏమిటీ గోల?"

చెప్పడమెందుకు, చూపిస్తే పోలా అనుకుని గుమస్తా ఫోను ఆయన చేతికిచ్చాడు. మొదటిది చూసి ఆఫీసరు మీసం కదిలింది. రెండోదానికి నవ్వాడు. ఉత్సాహంగా వేలితో తోశాడు. మూడోది ఆ ఆఫీసువాళ్ళు తమలో తాము పంపుకుంటున్నది: 'పదకొండింటికొచ్చి, అందరూ టైముకొచ్చారా అని అడిగే సారుని చూస్తే.'

గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది.

"ఎవరు చేశారిది?"

గుమస్తా గబుక్కున వేలు బస్సక్క వైపు చాచాడు. "ముఖం ఈవిడదే సార్!"

బస్సక్క రెండు చేతులూ కిటికీ గట్టు మీద చరిచింది. "విన్నారా సార్? లైసెన్సుకైతే ఇది నా ముఖం కాదట, నేరానికైతే నాదేనట! ఊరందరి కోపానికీ పనికొచ్చిన ముఖం నా ఒక్కదాని కార్డుకి పనికిరాదా? మీ మీద కోపం వీళ్ళది, ధైర్యం లేక నన్ను ముందుకి తోశారు. మేనేజరు బావమరిది నా సీట్లో కూర్చుంటే వీళ్ళెవరైనా వచ్చి దింపుతారా?"

ఆఫీసరు ఆవిడనీ, ఫోనునీ మార్చి మార్చి చూశాడు. అనుమానానికి ఇంక చోటు లేదు. "గుమస్తాగారే సాక్ష్యం చెప్పారు కదా, ఈవిడ ఈవిడే," అని సంతకం పెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని సిబ్బంది వైపు తిరిగి ఒక చూపు చూశాడు. వరసలో ఎవరిదో ఫోను క్లిక్కుమంది.

మర్నాడు బస్సక్క కొత్త లైసెన్సు మేనేజరు బల్ల మీద పడేసి తాళాలు తీసుకుంది. అద్దం తన వైపు తిప్పుకుంది. పిల్లలంతా నవ్వుతుంటే సంగతేమిటని అడిగింది. పిల్లల్ని ఎక్కించే ఆయా ఫోను చూపించింది. అందులో ఆఫీసరు, ముక్కు చివర కళ్ళజోడు.

"మరి నాది?"

"మీదింకెవరు చూస్తారక్కా? పాతబడిపోయింది."

"ఆయనదీ ఒక కోపమేనా!" అంటూ బస్సక్క గేరు మార్చింది.

— కుట్టుమిషను పెద్దమ్మ. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు చిన్న కూతురింట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.