పద్నాలుగో దేశం గిన్నె

తుపాకికి అన్నంలో నెయ్యి ఎన్ని చెంచాలు వెయ్యాలన్న గొడవ ఆ ఇంట్లో మొదలై అప్పటికి నాలుగు రోజులైంది. బడివాళ్ళు పంపిన సర్కులర్‌లో రెండు చెంచాలని ఉంది కాబట్టి రెండే వెయ్యాలని నాగేంద్ర. పిల్లాడు బెదిరి ఉన్నాడు, మూడు వేస్తే ఎవరి సొమ్ము పోయిందని ఆయన తల్లి తులసమ్మ. ఆయన భార్య ఇందుమతి ఒక్క చెంచా కూడా వెయ్యనంటోంది. వెయ్యనన్న మనిషే వడ్డించే మనిషి కావడంతో వాదన ఎటూ తెగలేదు. నాలుగు రోజులుగా కిటికీ పక్క కుర్చీ ముందున్న కంచంలో అన్నం పొడిపొడిగానే ఉండిపోతోంది.

తుపాకి ఆ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. దేశంలో ప్రతి ఇల్లూ నిర్భయంగా ఉండాలని అధినేత తలచి, ఇంటికొకటి చొప్పున పంచిపెట్టారు. పంచిన ప్రతి వస్తువూ రేషన్ కార్డులో ఎక్కాలి. కార్డులో పెద్దలకొక గడి, పిల్లలకొక గడి తప్ప మూడో గడి లేదు. వార్డు ఆఫీసు గుమాస్తా కాసేపు ఆలోచించి, కర్రపిడి మీద కొట్టిన సంవత్సరం చూసి వేళ్ళ మీద లెక్కేసుకుని, ఎనిమిదేళ్ళని చెప్పి పిల్లల గడిలో రాశాడు. సంబంధం దగ్గర కొడుకు అని రాశాడు. పేరు లేకపోతే కంప్యూటర్ తీసుకోదన్నాడు. నాగేంద్ర అప్పటికప్పుడు శౌర్య అని పెట్టాడు.

ఎనిమిదేళ్ళ పిల్లాడన్నాక బడికి పంపక తప్పదు, చట్టం ఒప్పుకోదు. ఇందుమతి కూతురు మేఘనదీ అదే వయసు కాబట్టి మూడో తరగతిలో ఇద్దరినీ ఒకే బెంచీలో కూర్చోబెట్టారు. ఊరంతా అంతే. మూడో తరగతిలో ముప్ఫై రెండు కార్డుల పిల్లలున్నారు, కార్డుకి ఇద్దరు. వేసవి చివర్లో మేఘనకి జ్వరం వచ్చి వారం రోజులు పడుకుంటే శౌర్య ఒక్కడే ఆటోలో వెళ్ళొచ్చాడు. రిజిస్టర్లో ఇద్దరికీ హాజరు పడింది. కార్డుకి ఒక హాజరు ఉంటే చాలమ్మా, పైవాళ్ళు అదే చూస్తారని పంతులమ్మ ఫోన్లో చెప్పింది.

అందరికంటే తులసమ్మ సంతోషించింది. మనవడు లేడన్న దిగులు ఆవిడకి చాలాకాలంగా ఉంది. ఆదివారం ఆదివారం కుట్టుమిషను నూనెతో వాడికి తలంటేది. ఎవరి కళ్ళు పడ్డాయోనని ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. బడినుంచి రాగానే తడిగుడ్డతో మొహం తుడిచి, కాస్త నూనె రాసి, అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టేది. మేఘన తన మొహం తనే కడుక్కునేది.

ఎదురింటి విషయం వేరు. అధినేత విదేశాంగం జనానికి బోధపడటం లేదన్న మాట ఆయన చెవిన పడింది. బోధపడకపోవడానికి కారణం అనుభవం లేకపోవడమేనని తేల్చి, ప్రతి వీధిలోనూ ఎడమ వైపు ఇళ్ళను స్వదేశంగానూ కుడి వైపు ఇళ్ళను విదేశాలుగానూ ప్రకటించారు. ఇంటి నంబరే దేశం నంబరు. ఇందుమతి ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఝాన్సీ వాళ్ళిల్లు పద్నాలుగో దేశమైంది. విదేశాలు గనక వాళ్ళకి తుపాకులు ఉండవేమోనని మొదట అనుకున్నారు గానీ, అమ్మకాల్లో భేదం పాటించేది లేదని అధినేత చెప్పడంతో వాళ్ళకీ ఇంటికొకటి వచ్చింది.

అధినేత రోజూ పొద్దున ఏడింటికి ఏ దేశం మిత్రుడో ఏ దేశం శత్రువో చెబుతారు. ఆయనకి మళ్ళీ ఏమైనా తోస్తే మధ్యలోనూ చెబుతారు. ఆ ప్రకారం గేట్లకి తగిలించిన రేకు పలకల్ని మునిసిపాలిటీ మనిషి సింహాచలం వచ్చి తిప్పుతాడు. ఒకవైపు ఆకుపచ్చ, రెండోవైపు ఎరుపు. ఆకుపచ్చ ఉంటే రాకపోకలు, కౌగిలింతలు. ఎరుపు ఉంటే మాటల్లేవు, చూపుల్లేవు, స్వదేశం తుపాకులు ఆ గేటు వైపు తిరిగి కూర్చోవాలి. పద్నాలుగో దేశం పంపిన మామిడిపళ్ళు తియ్యగా ఉన్నాయని ఒక పొద్దున ఆకుపచ్చ అయింది. టెంక మరీ పెద్దదిగా ఉందని మధ్యాహ్నానికి ఎరుపైంది. పెళ్ళిపిలుపులకి బయల్దేరినవాళ్ళు గుమ్మంలో కుంకుమభరిణెతో ఆగిపోయేవారు.

జనానికి విసుగు పుట్టలేదని కాదు. వార్డు ఆఫీసులో అభిప్రాయాల పుస్తకం పెట్టారు. అందులో 'బాగుంది' అనీ 'చాలా బాగుంది' అనీ రెండు గడులున్నాయి. కోపం పట్టలేనివాళ్ళు గంటసేపు వరసలో నిలబడి, 'బాగుంది' దగ్గర కాగితం చిరిగేదాకా అదిమి టిక్కు పెట్టి వస్తున్నారు. నాగేంద్ర రెండుసార్లు పెట్టొచ్చాడు.

బుధవారం రెండో పీరియడ్‌లో, లెక్కల పాఠం జరుగుతుండగా, మూడో తరగతిలో ఒక విద్యార్థి ఆకస్మికంగా స్పందించినందువల్ల మరొక విద్యార్థిని పేరు హాజరుపట్టీ నుంచి తొలగించవలసి వచ్చిందని బడి నుంచి ఉత్తరం వచ్చింది. తొలగించిన పేరు లిఖిత. ఝాన్సీకి ఒక్కతే కూతురు.

స్పందించింది ఎవరింటి తుపాకో ఉత్తరంలో లేదు. మైనర్ల పేర్లు బయటపెట్టడం నేరం. అడగడమూ నేరమే. ఏ పిల్లాడు బెదిరి ఉన్నాడో తెలియదు కాబట్టి, తరగతిలో ఉన్న తుపాకులన్నిటికీ పది రోజుల పాటు నెయ్యన్నం పెట్టాలనీ, వాటి దగ్గర గట్టిగా మాట్లాడరాదనీ, పోయిన అమ్మాయి ఫోటోలు వాటి కంటపడకుండా చూడాలనీ ముప్ఫై రెండు ఇళ్ళకీ ఒకే సర్కులర్ పంపారు.

బుధవారం సాయంత్రం పిల్లలిద్దరూ ఆటో దిగగానే తులసమ్మ అలవాటు ప్రకారం శౌర్య మొహం తుడిచి నూనె రాసేసింది. ఇందుమతి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి వాడు ఎప్పటిలాగే నిగనిగలాడుతూ కుర్చీలో ఉన్నాడు. స్పందించింది వీడో కాదో తెలుసుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు. తెలిసిన మనిషి మేఘన. ఆ బెంచీలో ఒక చివర లిఖిత, మరో చివర శౌర్య, మధ్యలో మేఘన. ఆ పిల్ల ఆటో దిగినప్పటినుంచీ నోరు విప్పలేదు. జడ విప్పి దువ్వుతున్నప్పుడల్లా ఇందుమతికి ఒక ప్రశ్న గొంతుదాకా వచ్చేది. చిక్కు తీసేది, మళ్ళీ జడ అల్లేది, ప్రశ్న మింగేసేది.

లిఖితని ఇంటికి తెచ్చిన వేళకి పద్నాలుగో దేశం ఎరుపులో ఉంది. స్వదేశంవాళ్ళు తమ తమ అరుగుల మీద, తల పక్కకి తిప్పుకుని నిలబడ్డారు. పాడె వీధి చివర మలుపు తిరిగేదాకా ఎవరూ ఇళ్ళలోకి వెళ్ళలేదు.

ఇందుమతిని ఇంకొకటి కూడా తొలిచేస్తోంది. మంగళవారం ఝాన్సీ పంపిన చుక్కకూర పప్పు గిన్నె తన దగ్గరే ఉండిపోయింది. అంచు మీద 'ఝాన్సీ' అని చెక్కించిన స్టీలు గిన్నె. పదకొండేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్యా ఏ గిన్నే ఖాళీగా దాటలేదు. ఎప్పుడూ ఇక్కడిదొకటి అక్కడ, అక్కడిదొకటి ఇక్కడ ఉండేది. పైగా ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగే వండి పట్టుకెళ్ళాలి. గురువారం చారన్నం కలిపి ఆ గిన్నెలో పెట్టి, మూతేసి, రేకు పలక వంక చూస్తూ గుమ్మంలో కూర్చుంది. సాయంత్రానికి పలక ఎరుపుగానే ఉంది, అన్నం పాచిపోయింది. శుక్రవారం అంతే. శనివారం పది నిమిషాలు ఆకుపచ్చ అయిందట, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు.

ఆదివారం ఆమె మళ్ళీ వేడిగా చారన్నం కలిపి, స్నానం మానుకుని కూర్చుంది. పదిన్నరకి సింహాచలం సైకిలు దిగి పలక తిప్పాడు. పలక ఆకుపచ్చ అవడం, ఇందుమతి గిన్నె పట్టుకుని గుమ్మం దిగడం ఒకేసారి జరిగాయి. రోడ్డు పదిహేడు అడుగులు. ఎనిమిదో అడుగు వేసేసరికి సింహాచలం జేబులో ఫోను మోగింది. వింటూనే ఆమె వైపు చెయ్యి చాపాడు.

"అక్కడే ఆగిపోండమ్మగోరూ. మళ్ళీ మార్సీనారు."

"ఇప్పుడేగా తిప్పావు."

"నానేటి సేత్తానమ్మా. పొద్దున్నుంచీ ఇది ఆరోసారి, బుజాలు పీకేత్తన్నాయి." పలక ఎరుపు వైపు తిప్పి, గొంతు తగ్గించాడు. "నడిరోడ్డు ఎవరిదీ కాదు. అక్కడ నిలబడితే నాను మీ పేరు రాయక్కర్లేదు. ఓ ఐదు నిమిసాలు నానటు సూడను."

అతను వెనక్కి తిరిగి సైకిలు గొలుసు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. గొలుసు బాగానే ఉంది.

ఎదురు గేటు తెరుచుకుంది. ఝాన్సీ వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు, చెప్పుల్లేవు. చేతిలో ఇందుమతి వాళ్ళ చిన్న ఇత్తడి గిన్నె ఉంది, ఎప్పుడో పోయిన నెలలో కొబ్బరి పచ్చడితో వెళ్ళింది. ఆవిడ కూడా ఎనిమిది అడుగులు వేసి ఆగింది. ఇద్దరి మధ్యా ఒక్క అడుగు మిగిలింది. ఇందుమతి గిన్నె చాపింది. ఝాన్సీ అందుకుంది. మూత తియ్యకుండానే ఒక చేత్తో పొట్టకి ఆనించి పట్టుకుంది, వేడి తగలడానికన్నట్టు.

ఏమనాలో ఇందుమతి నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉంది. ఝాన్సీయే అడిగింది.

"మేఘన తింటోందా వదినా?"

"తింటోంది," అంది ఇందుమతి. అబద్ధం.

ఝాన్సీ తలూపి, ఇత్తడి గిన్నె ఆమె చేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"ఖాళీగా ఇవ్వలేను కదా. ఇంట్లో ఇదొక్కటే ఉంది. నెయ్యి. మాకూ కాగితం వచ్చింది, మావాడూ ఆ క్లాసే కదా. రోజూ వేసి పెడుతున్నాను, వాడు ముట్టడం లేదు. మీవాడికి వెయ్యి వదినా. పారేస్తే పాపం."

వాడు ఎలాగూ ముట్టడని, ఏ ఇంట్లోదీ ముట్టదని ఇద్దరికీ తెలుసు. ఆ స్పందించింది ఝాన్సీ ఇంట్లో కుర్చీలో ఉన్నదో, ఇందుమతి ఇంట్లో కుర్చీలో ఉన్నదో మాత్రం తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కౌగిలించుకోవడానికి పలక ఆకుపచ్చగా లేదు. సింహాచలం దగ్గాడు. ఎవరి ఎనిమిది అడుగులు వాళ్ళు వెనక్కి వేశారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాగేంద్ర బడి నుంచి వచ్చిన కొత్త కాగితం చదివాడు. రేపు సోమవారం నుంచి తరగతులు యథావిధిగా జరుగుతాయి. తరగతి బలం తగ్గకుండా, ఖాళీ అయిన స్థానానికి కొత్త విద్యార్థిని కేటాయించారు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వస్తాడు. బెంచీల క్రమం మారదు. బెదిరిన పిల్లలు తోటి పిల్లల మధ్య ఉంటేనే తేరుకుంటారు గనక తల్లిదండ్రులు సహకరించాలి.

"మంచిదే, తేరుకోవాలి కదా పాపం," అంది తులసమ్మ, కుర్చీ వైపు చూస్తూ. తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇవాళైనా రెండు చుక్కలు వెయ్యవే ఇందూ. ఎంతైనా పసివాడు."

ఇందుమతి ఇత్తడి గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. మూత తియ్యగానే గదంతా నెయ్యి వాసన నిండింది. మేఘన తల ఎత్తింది. గిన్నె వంక కాసేపు చూసి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"ఇది లిఖిత వాళ్ళింటి నెయ్యి కదమ్మా."

"అవునమ్మా."

"లిఖిత నెయ్యి వేసుకోదు. దానికి వాసన పడదు."

నాగేంద్ర కాగితం మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. మేఘన తన కంచాన్ని కిటికీ పక్కనున్న కంచానికి దూరంగా, జానెడు ఇవతలికి జరుపుకుంది.

"రేపు నాకు రెండువైపులా వాళ్ళేనా?" అని అడిగింది.

తులసమ్మ నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా కింద పెట్టేసింది. కోడలు ఇప్పుడు గొడవకి దిగుతుందనీ, కాగితం చింపేస్తుందనీ, లేచి వార్డు ఆఫీసుకి వెళ్తుందనీ నాగేంద్ర, తులసమ్మ ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఇందుమతి అవేమీ చెయ్యలేదు. అభిప్రాయాల పుస్తకంలో ఉన్న రెండు గడులూ ఆమెకి తెలుసు. చెంచా తీసుకుని లేచి, కిటికీ పక్క కంచంలో సర్కులర్ ప్రకారం రెండు చెంచాల నెయ్యి వేసింది. ఒలకకుండా వేసింది. వెనక్కి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"కార్డుకి ఒక హాజరు చాలన్నారు కదండీ?" అని భర్తని అడిగింది.

చాలన్నట్టు తలూపాడు నాగేంద్ర.

ఇందుమతి గొంతు పెంచలేదు. భర్తకీ, అత్తగారికీ, కూతురికీ, కుర్చీలో ఉన్నవాడికీ కూడా వినబడేలా చెప్పింది.

"రేపట్నుంచి బడికి శౌర్య ఒక్కడే వెళ్తాడు. మేఘన వెళ్ళదు. క్యారేజీ వాడికొక్కడికే సర్దుతాను."