ఒక పక్క జీడిపొట్టు, ఒక పక్క ముళ్లకంప

ఆ ఉదయం ఉమామహేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాశీబుగ్గ కొరియర్ ఆఫీసులో డబ్బా తీసుకోవాలి, అందులోని వంద రికార్డుల్లో సగం టెక్కలిలో ప్రమోదినికి అప్పగించాలి, భోజనం వేళకు ఇంటికొచ్చి పడుకోవాలి. వీటిలో అతనికి బాగా చేతనైనది ఆ చివరి పని ఒక్కటే.

ఉమామహేష్‌ది ‘జీడిపొట్టు’ అనే పంక్ బ్యాండు. ప్రమోదినిది ‘ముళ్లకంప’. పలాస నుంచి టెక్కలి దాకా గాలించినా ఈ గోలను సంగీతమని నమ్మే మూడో బ్యాండు దొరకదు. ఒంటరిగా రికార్డు వేయించే తాహతు ఇద్దరికీ లేదు కనుక, పంక్ లోకపు ఆచారం ప్రకారం ఒకే చిన్న వినైల్ రికార్డును చెరో పక్క పంచుకున్నారు. ఒక పక్క వీళ్ల అరుపు, తిప్పి వేస్తే వాళ్ల అరుపు. అయితే పోయిన ఏడాది భావనపాడు తీరంలో ప్రమోదిని ఆంప్లిఫయర్‌ను అలకు అప్పగించిన ఘనుడు మన ఉమామహేష్. "ఇంకోపాలి నా సరుకు పాడుసేసావంటే నీకూ నాకూ మాటల్లేవురా" అని ఆమె అప్పుడే తేల్చి చెప్పింది. ఆ పిల్ల మాటంటే మాటే. ఆమె కూడా మాట్లాడకపోతే జిల్లాలో అతని గోల వినే దిక్కు లేదు.

డబ్బా బైకు మీద పెట్టుకుని బయల్దేరాడో లేదో, వాన దంచికొట్టింది. ఇంటికి చేరేసరికి అట్ట కవర్లన్నీ ముద్దముద్ద. రికార్డులకు మాత్రం ఏమీ కాలేదు. కవర్లు మళ్లీ అచ్చు వేయించడానికి పరుగెడుతూ, "అమ్మా, ఇయి కాత్త ఆరబెట్టు" అని తల్లి దుర్గాదేవికి ఒక కేక వేసి పోయాడు.

దుర్గాదేవి పెళ్లయి వచ్చిన నాటి నుంచీ జీడిపప్పు ఆరబెడుతున్న మనిషి. వానలో తడిసిన వస్తువు ఆ ఇంట్లో ఎక్కడికి వెళ్లాలో ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేదు. రికార్డులను ట్రేలలో పేర్చి, పెరట్లో ఉన్న జీడిపప్పు డ్రయ్యర్‌లోకి తోసి తలుపు బిగించింది.

"ఓలమ్మో! ఏటి సేసీసావే!" తిరిగొచ్చిన ఉమామహేష్ నెత్తి బాదుకున్నాడు.

"ఆరబెట్టమన్నావు, ఆరబెట్టీసాను. సూడు, సుక్క తడి ఉందేటి?"

తడి లేదు, నిజమే. చదును కూడా లేదు. ట్రేలోంచి తీసిన ప్రతి రికార్డూ నూనెలో వేసిన అప్పడంలా అంచులు పైకి లేపుకుని కూర్చుంది. జీడిపప్పు బస్తాలు ఎక్కించి అణచబోతే కొన్ని పెళపెళా విరిగాయి. సరిగ్గా అప్పుడే ప్రమోదిని ఫోను.

"డబ్బా ఒచ్చిందేట్రా?"

ఉమామహేష్ నిజం చెప్పే రకమైతే కథ ఇక్కడితో అయిపోయేది. "రాలేదు. పొరపాటున నందిగాం ఎల్లిపోయిందట" అన్నాడు.

"అయితే నువ్వు కదలకు, నానే ఎల్లి తెచ్చీత్తాను. డబ్బా నీ కంటపడినా ఇప్పొద్దు, ఇన్నావా?"

పాపం, వానలో తడుస్తూ ఆమె నందిగాం వెళ్లింది. అక్కడ డబ్బా లేదు. కొరియర్ ఆఫీసు లోకనాథానికి ఫోన్ చేసి, ఎక్కడ పారేశావని ఆయన్ని దులిపేసింది. లోకనాథానికి పౌరుషం జాస్తి. "పొద్దున్నే ఉమామహేష్ సేతికిచ్చాను తల్లీ! నా మీద నింద ఏత్తాడా ఆడు?" అని బండి తీశాడు. ఆమె అటు నుంచి, ఆయన ఇటు నుంచి వచ్చి ఒకేసారి ఉమామహేష్ గుమ్మంలో దిగారు.

ఉమామహేష్ పెరటి గోడ ఎత్తు అంచనా వేస్తుండగానే దుర్గాదేవి మర్యాదలు మొదలుపెట్టేసింది. "కూకో అమ్మీ! కూకోండి బాబూ! తడిసిపోనారు" అంటూ అప్పుడే వేయించిన ఉప్పు జీడిపప్పు తెచ్చి చెరో దొప్పా చేతిలో పెట్టింది. ఏ వస్తువూ వృథాగా పోవడం ఆమెకు గిట్టదు. దొప్పల్లా ముడుచుకున్న ఆ రికార్డులను చూడగానే వాటితో ఏం చేయాలో ఆమెకు తోచేసింది.

తిట్టడానికి తెరిచిన నోట్లో లోకనాథం పప్పు వేసుకున్నాడు. ప్రమోదిని కూడా కోపంగానే నమిలింది. సగం తినేసరికి దొప్ప అడుగున ‘ముళ్లకంప’ అనే అక్షరాలు బయటపడ్డాయి.

ఉమామహేష్ గోడ సంగతి వదిలేసి ముందుకొచ్చాడు. "నానే అబద్ధమాడాను ప్రమోదినీ. సెప్పడానికి భయమేసింది. కొడితే కొట్టు గానీ మాటలు మానీకు" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె దొప్పను అటూ ఇటూ తిప్పి చూసింది. "అన్నీ ఇలాగే అయిపోనాయా? ఒక్కటీ మోగదా?"

"మోగదు."

"ఒట్టు?"

"అమ్మ మీదొట్టు."

"నువ్వు సల్లగుండాలి పిన్నీ!" అంటూ ప్రమోదిని దుర్గాదేవిని కావలించుకుంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. రికార్డు అచ్చువేసే వాళ్లకు పాట పంపబోయి ఆమె వేరే ఫైలు పంపేసింది. చూసుకునేసరికే రికార్డులు అచ్చయిపోయాయి. అప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"అందులో ఏటుంది?" అన్నాడు ఉమామహేష్.

"ఏదో ఉందిలే. ఎవులూ ఇనరు కదా, ఒగ్గీ."

"ఒకటి బాగానే ఉందమ్మీ" అంది దుర్గాదేవి, సాయం చేస్తున్న సంబరంలో. "ట్రేలో పట్టకపోతే పెరుగు దుత్త మీద మూతెట్టాను. గాలాడ్డానికి సిల్లు కూడా ఉంది."

ప్రమోదిని వంటింట్లోకి దూకింది గానీ, లోకనాథం ఆ గుమ్మానికే దగ్గరగా ఉన్నాడు. తనను ఇన్ని మాటలు అనిపించిన డబ్బాలో ఏముందో తెలియాల్సిందేనని, రికార్డు తుడిచి ఉమామహేష్ ప్లేయరు మీద ముళ్లకంప పక్క పెట్టాడు.

"ఆడు పాడతన్నాడా, పన్ను పీకించుకుంటన్నాడా?" అంది ప్లేయరులోంచి ప్రమోదిని గొంతు. "జీడిపొట్టంట జీడిపొట్టు! ఉమామహేష్ పాటకన్నా మా ఈది గేదె అరుపు నయం. అది పాలైనా ఇత్తాది!" వెనకాల ఆమె బ్యాండువాళ్లు డ్రమ్ములు బాదుతూ పగలబడి నవ్వుతున్నారు. పక్క అయిపోయేదాకా ఎక్కడా తాళం తప్పకుండా తిట్టింది.

ప్రమోదిని తల ఎత్తలేదు. "ఇంక నువ్వే మాటలు మానీత్తావు కదరా" అంది మెల్లగా.

ఉమామహేష్ ప్లేయరు ముందుకు జరిగాడు. "ఆ గేదె ఉన్నకాడ ఇంకోపాలి ఎయ్యి" అన్నాడు.

వేశారు. లోకనాథం మళ్లీ అడిగాడు. గోల విని వచ్చిన ఇరుగుపొరుగు తలుపు దగ్గరే నిలబడి మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. పొద్దు వాలేసరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. రికార్డు మళ్లీ వేయించాలి, ముళ్లకంప పక్క ఒక్క తిట్టు కూడా మార్చకూడదు.

రెండో పక్క ఎలా ఉందో తిప్పి వేయమని మాత్రం ఎవరూ అడగలేదు.