గోడ అవతలి ఆఫీసు

పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆమె నిర్ణయించేసుకుంది, సాయంత్రంలోగా ఆ తలుపు తెరిపించాల్సిందేనని. ఆమె రికార్డుల గదిలో గుమాస్తా. పట్టు పడితే వదలదని ఆఫీసులో అందరూ ఉడుం అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

తలుపు కథ చిన్నదే. రెండు ప్రభుత్వాఫీసులు, మధ్య గోడ, గోడలో ఇనుప తలుపు, దానికి తాళం. ఎప్పుడో ఒక కుర్చీ ఏ ఆఫీసుదన్న గొడవలో వేసిన తాళమది. కుర్చీ విరిగి చెత్తలోకి పోయింది, తాళం మిగిలింది. అప్పట్నించీ పదడుగులు నడవాల్సిన ఫైలు జీపెక్కి, ఊరంతా చుట్టి, ఆరు కిలోమీటర్లు తిరిగి గోడ అవతలికి చేరుతోంది. రోజుకు పన్నెండుసార్లు. ఆ జీపు ఇంజను ఆపకుండా నిలబడేది, ఆఫీసు ఆవరణలోనే ఆ గోడ పక్కనున్న ఉడుం వాళ్ల క్వార్టరు కిటికీ కింద. కిటికీ లోపల మంచం మీద వాళ్లమ్మ, కూర్చున్నచోటే మెట్లెక్కినట్టు రొప్పుతూ ఉంటుంది. పొగ తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరికి చెప్పాలి, జీపుకా?

నాలుగు ముక్కల్లో అర్జీ రాసి తన అధికారి ముందు పెట్టింది. ఆయనకేమీ అభ్యంతరం లేదట, తాళంచెవి మాత్రం అవతలివాళ్ల దగ్గరుందట, అర్జీ అటు పంపమన్నాడు. ఉడుం జీపును నమ్మలేదు. స్టూలెక్కి, గోడ మీంచి అవతలి బంట్రోతుకు కాగితం అందించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కిచ్చేశాడు.

"గోడ మీంచి వచ్చింది రిజిస్టర్లో ఎక్కదు తల్లీ. గేట్లోంచి రావాలి."

"అయితే నువ్వే గేటు బయటికి పట్టుకెళ్లి లోపలికి తీసుకురా."

"అలా వెళ్తే నేను పూట సెలవు పెట్టాలి."

అర్జీ జీపెక్కింది. రోజూ ఉండే పన్నెండుకు అదనంగా, ఆ రోజుకది పదమూడో తిరుగుడు.

అర్జీ చదివిన అవతలి అధికారికి ఒళ్లు మండింది. తాళంచెవి తన దగ్గరుందని ఎవరన్నారో మొహామొహీ తేల్చుకోవాలని కారెక్కాడు. జవాబు కోసం ఎదురుచూడటం తన హోదాకు తక్కువని ఇవతలి అధికారీ అప్పుడే కారెక్కాడు. దారిలో రెండు కార్లూ ఒకదాన్నొకటి దాటిపోయాయి. చల్లగాలి పోతుందని అద్దాలు బిగించుకోవడంతో ఎవరూ ఎవర్నీ చూడలేదు. ఒకరి గదిలో ఇంకొకరు ఖాళీ కుర్చీని చూసి, గోడ దగ్గరికొచ్చి ఫోన్లు తీశారు. ఫోను లేకపోయినా ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతున్నాయి. అక్కడే ఉండండి, నేనొస్తున్నా అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఉండమంటే ఉన్నవాడు చిన్నవాడైపోతాడు కాబట్టి, ఇద్దరూ మళ్లీ కార్లెక్కారు.

జీపు డ్రైవరు ఇదంతా చూస్తున్నాడు. "అక్కా, ఆ తలుపు తెరిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా?" అన్నాడు.

"మా అమ్మ ఊపిరి ఏమవుతుందో నువ్వాలోచించావా?"

డ్రైవరు తల తిప్పి కిటికీ వంక చూశాడు.

ఉడుం ఊరుకోలేదు. పొగ కొలిచే శాఖకు ఫోన్ కొట్టింది. వాళ్లు వెంటనే దిగారు, మూడు బళ్లలో. ఒకటి యంత్రానికి, ఒకటి అధికారికి, ఒకటి యంత్రం వచ్చిందని సంతకం పెట్టే మనిషికి. పైశాఖ వచ్చిందని తెలిసి అధికారులిద్దరూ తమ సిబ్బందిని వేసుకుని దిగారు. మధ్యాహ్నానికి కిటికీ కింద తొమ్మిది బళ్లు. ఒక్క ఇంజనూ ఆపలేదు. యంత్రం ముల్లు చివరిదాకా వెళ్లి అక్కడే వణుకుతోంది. పొగాయన గంభీరంగా తలూపి, ఇంత పొగలో మనుషులుండటం ప్రమాదమనీ, సాయంత్రంలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలనీ కాగితం రాసి ఉడుం చేతిలో పెట్టాడు.

లోపల అమ్మ దగ్గు ఆగడం లేదు. ఉడుం ఆ కాగితాన్ని నడుముకు దోపుకుని, అమ్మను భుజానికి ఆనించుకుని బయటికి తెచ్చింది. అడుగు పెట్టే సందు లేదు, ఎటు చూసినా బళ్లే.

"ఇంజన్లన్నీ ఆపండి," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. ఎందుకో అందరూ ఆపేశారు. "నువ్వు మాత్రం జీపు వెనక్కి తియ్యి. దారివ్వు."

డ్రైవరు ముసలమ్మ మొహం చూశాడు. జీపు వెనక్కి తీశాడు. ఆపాల్సినచోట ఆపలేదు. బ్రేకు పడలేదని తరవాత రాతపూర్వకంగా చెప్పుకున్నాడు.

పదడుగుల మేర గోడ కూలింది. దుమ్ము అణిగాక చూస్తే, చట్రంతో, తాళంతో సహా తలుపు మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఉడుం దానివంక చూడనైనా లేదు. ఇటుకల మీంచి అమ్మను నడిపించుకెళ్లి అవతలి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది. అక్కడ గాలి ఆడుతోంది. అమ్మ నిండుగా మూడుసార్లు ఊపిరి తీసుకుని, "ఇంత దగ్గరుంటే మీకు జీపెందుకే?" అని అడిగింది. పక్కనున్న అధికారులిద్దరూ దీక్షగా తమ బూట్లు చూసుకున్నారు.

ఇంజన్లు ఆగాక పొగాయన మళ్లీ కొలిచాడు. ముల్లు కిందికి దిగిపోయింది. ఖాళీ చెయ్యమన్న కాగితాన్ని అడిగి తీసుకుని తనే చింపేశాడు. మర్నాటి నించీ ఫైళ్లు ఇటుకల మీదుగా నడిచి వెళ్తున్నాయి. వాటిని మోసే పని డ్రైవరుకే ఇచ్చారు. జీపు షెడ్డులో ఉంది. కిటికీ తెరిచి ఉంది.

అధికారులిద్దరూ కలిసి నివేదిక పంపారు, గోడ పడిపోయినా తలుపూ తాళమూ భద్రంగా ఉన్నాయని. పైవాళ్లు సంతోషించి, ఆ తలుపులోంచి ఎవరూ వెళ్లకుండా ఒక కాపలామనిషిని వేశారు.

ఆయన రోజూ గోడ సందులోంచే డ్యూటీకి వస్తున్నాడు.